మేత చేప ముందు, కొర్రమీను వెనుక
(బెజ్జంకిలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో చేపల ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచి ఉంటుంది. మేము లోపలికి వస్తుండగానే ఒక పెద్దమనిషి, "పాలల్ల నీళ్ళు కలిపెటోళ్ళను జూసినం గని, పాలోళ్ళు వచ్చి నీళ్ళల్ల చేపలు కలుపుమనుడు ఇప్పుడే జూస్తున్నం" అన్నారు. అందరితోపాటు మేమూ నవ్వాము. కాని ఈ మాట ఎత్తడానికి కారణం ఉన్నది. గత రెండు మూడేళ్ళుగా పాల బిల్లులు తీసుకోవడానికి వచ్చిన సభ్యులు పశువుల దాణా గురించి అడిగినంతగా కొర్రమీను పిల్లల గురించి అడుగుతున్నారు. పాల డబ్బు, బోనసు డబ్బు తీసుకుపోయి ఆ పిల్లల మీద పెడుతున్నవారు కూడా ఉన్నారు. మన సభ్యుల డబ్బు ఎటు పోతున్నదో ఆ సంగతి మనకు సంబంధం లేనిది కాదు.

బెజ్జంకి చుట్టూ గుట్టలు, బండలు, వాటి నడుమ కుంటలు, చెరువులు. 2016లో కరీంనగర్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాలోకి వచ్చినా నేల మారలేదు. అయితే నీరు కొంత మారింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఉపాధి హామీ పనుల్లో పొలాల్లో నీటి కుంటలు తవ్వారు. 2016 నుండి చెరువుల్లో రవ్వ, బొచ్చె పిల్లలను ప్రభుత్వం వదులుతూ వచ్చింది. దానితో మునుపు చేపను అంగట్లో మాత్రమే చూసిన రైతు కూడా, తన పొలంలో ఐదు గుంటలో పది గుంటలో కుంట ఉంటే, అందులో చేప వేస్తే ఎట్లుంటుందని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన మంచిదే. వేస్తే ఏది వేయాలని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది కొర్రమీను అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప అదే. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, బతికి ఉండగానే అమ్ముకోవచ్చు. రవ్వ, బొచ్చెల కంటే రెండు మూడింతల ధర పలుకుతుంది. ఆశ పడడంలో తప్పు లేదు.

వారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని పిల్లలు వేయాలె?" మేము తిరిగి అడిగేది కూడా ఒక్కటే: "అవి ఏం తింటాయి?"

బర్రెను కొనబోయే ముందు ఇంట్లో చొప్ప ఎంత ఉన్నది, పచ్చిగడ్డి ఎన్ని గుంటలు వేశాము, తవుడు, చెక్క ఎక్కడ నుండి తేవాలి అని మీరు లెక్క వేస్తారు. మేత చూసుకోకుండా నాలుగు బర్రెలను కట్టేసిన ఇంటిని చూసి ఊరంతా నవ్వుతుంది. కుంట విషయంలో మాత్రం ఆ లెక్క ఎవరూ వేయడం లేదు. నీళ్ళలో వేసినది కంటికి కనపడదు కనుక ఆకలి కూడా కనపడదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం వానకాలంలో ఈ ప్రాంతపు ఒక సంఘ సభ్యురాలు తన పది గుంటల కుంటలో కొర్రమీను వేస్తానని మా దగ్గరకు వచ్చింది. మేము ఉత్సాహపరిచాము. ఎన్ని అంటే ఐదు వందలు అన్నాము. ఆ అంకె మాకు ఎక్కడి నుండి వచ్చిందని ఇప్పుడు అడిగితే చెప్పలేము. రవ్వ పిల్లలకు చెప్పే అంకెలు చెవిలో ఉండి ఉంటాయి. ఆమె బోనసు డబ్బంతా పెట్టి పిల్లలను తెచ్చింది. కొత్తనీరు, కడిగిన గిన్నెలా ఉన్న కుంట. అందులో పురుగు లేదు, పరక లేదు. కొన్నాళ్ళు అన్నం మెతుకులు, కోడి పేగులు వేసింది. తెచ్చిన పిల్లల్లో కొన్ని వేలెడు, కొన్ని జానెడు. జానెడువి వేలెడువాటిని మింగాయి. సంక్రాంతికి వల లాగితే ముప్పై ఏడు చేపలు దొరికాయి. రెండు మాత్రం బాగా బలిసినవి. మిగిలినవాటికి తల పెద్దది, ఒళ్ళు సన్నం, కడుపు వీపుకు అంటుకున్నది. ఆ ఐదు వందల పిల్లలే ఒకదానికొకటి మేత అయ్యాయన్న మాట. అంత ఖరీదైన మేత ఏ బర్రెకూ పెట్టి ఉండము. ఆ అక్క మమ్మల్ని ఏమీ అనలేదు. "సార్, మీరు చెప్పిన్రు, నేను ఏసిన" అన్నది, అంతే. ఆ రోజు నుండి ఈ సంగతి సరిగా తెలుసుకోవాలని పట్టుబట్టాము.

కొర్రమీను స్వభావం మీలో చాలామందికి మాకంటే బాగా తెలుసు. తలలో మొప్పలపైన గాలి నిలిపే అరలు ఉండడంవల్ల అది నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుంది. అందుకే బురదనీటిలో, చెడిన నీటిలో కూడా బతుకుతుంది. వానకాలంలో ఒడ్డున గడ్డిలో గూడులా చేసి తేలే గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. పిల్లలు మొదట నీటిలోని సూక్ష్మజీవులను, తరువాత పురుగులను, తోకకప్పలను తింటాయి. వేలెడు దాటితే చేప మీద పడతాయి. ఇక అప్పటి నుండి కదిలేదే మేత. తన పొడవులో మూడోవంతు ఉన్న చేపను సులువుగా మింగుతుంది. ఆకలి ఎక్కువైతే ఇంకా పెద్దదానిని పట్టడానికీ వెనుదీయదు. అందుకే ఒకే సైజు పిల్లలను ఏరి వేయాలి. పిల్లలను కొనే చోట జల్లెడ పట్టించి తీసుకోవడానికి మొహమాటపడవద్దు.

మరి మేత మాట. పెద్ద చేపకు ఆహారంగా పెంచే చిన్న చేపను మేత చేప అందాము. ఈ విద్యను లెక్క ప్రకారం నేర్చుకున్న చోటు అమెరికా దేశంలోని అలబామా రాష్ట్రం. అక్కడ ఆబర్న్ అనే ఊరి వ్యవసాయ కళాశాలలో హోమర్ స్కాట్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త 1930వ దశకంలో రైతుల కుంటల మీద పని మొదలుపెట్టారు. అక్కడివారికి మన కొర్రమీను వంటి వేట చేప బాస్. దాని మేతగా బ్లూగిల్ అనే అరచేయంత చేపను వేశారు. ఎరువు వేసిన కుంటలో ఎకరానికి బాస్ పిల్లలు నూరు, బ్లూగిల్ పిల్లలు వెయ్యి అనేది ఆయన వాడుకలోకి తెచ్చిన లెక్క. పదికి ఒకటి. అంతకంటే ముఖ్యమైనది క్రమం. మేత చేప ముందు వెళ్ళాలి, కుదురుకోవాలి, పిల్లలు పెట్టాలి. బాస్ ఆ తరువాత రావాలి. ఎన్నో కుంటలను ఎండగట్టి చేపలను తూకం వేసి ఆయన 1950లో ప్రకటించినదేమంటే, మేత చేపల తూకం వేట చేపల తూకానికి మూడు నుండి ఆరింతలు ఉన్న కుంటలు ఏటేటా నిలకడగా దిగుబడి ఇస్తాయి. ఆ పక్కకు పోయినా ఈ పక్కకు పోయినా కుంట చెడుతుంది. వేట చేప ఎక్కువైతే ఆకలి. తక్కువైతే మేత చేపలు పుట్టలు పుట్టలుగా పెరిగి, తమకే తిండి లేక గిడసబారిపోతాయి.

ఆ బాస్ చేపను తెచ్చి మన దగ్గర వేయమని మేము చెప్పడం లేదు. మనకు కొర్రమీను ఉండగా అది ఎందుకు? తెచ్చుకోవలసినది ఆ లెక్క మాత్రమే.

ఇప్పుడు అదే లెక్కను మన పది గుంటల కుంటకు కడదాము. పెండ వేసి పెంచే కుంటకు ఏడాదికి ఎకరాన నాలుగు నుండి ఆరు టన్నుల పచ్చి పెండ సరిపోతుంది. పది గుంటలకు టన్ను, టన్నున్నర. అంటే వారానికి పాతిక ముప్పై కిలోలు. ఒక బర్రె రోజుకు పదిహేను ఇరవై కిలోల పెండ వేస్తుంది కనుక, వారంలో రోజున్నర, రెండు రోజుల పెండ కుంటకు, మిగిలినది పొలానికి. పాడి ఉన్న ఇంటికి ఇది అదనపు ఖర్చు కానే కాదు. పెండ నీటిని పచ్చబరుస్తుంది, ఆ పచ్చదనంలో సూక్ష్మజీవులు పుడతాయి, వాటిని పరకలు తింటాయి, పరకలను కొర్రమీను తింటుంది. పాల సంఘంలో చేపల మాట ఎందుకని అడిగిన పెద్దమనిషికి మా జవాబు ఇది.

ఈ విధంగా పెండ మీదనే ఆధారపడిన పది గుంటల కుంటలో ఏడాదికి నూరు నుండి నూటయాభై కిలోల చిన్న చేప తయారైతే బాగా అయినట్లే. ఇది మా అంచనా. నేలను బట్టి అటూ ఇటూ ఉంటుంది. చిన్న చేపను ముక్కలు చేసి చేతితో పెడితే ఒక కిలో కొర్రమీను పెరగడానికి నాలుగైదు కిలోలు పడుతుంది. కుంటలో వెంటాడి తినేదానికి ఇంకా ఎక్కువ. అమెరికా కుంటలవారు పదికి ఒకటి అనే మోటు లెక్క చెబుతారు. ఆరు అనుకున్నా, పది అనుకున్నా, నూటయాభై కిలోల పరకల మీద పెరిగే కొర్రమీను పదిహేను నుండి పాతిక కిలోలు. చేప ఒక్కింటికి అరకిలో చొప్పున ముప్పై నుండి యాభై చేపలు. స్వింగిల్ గారి ఎకరానికి నూరు అనే అంకెను పది గుంటలకు కుదిస్తే పాతిక వస్తుంది. రెండు దారులలో నడిచినా ఇంచుమించు ఒక్క చోటికే వచ్చాము.

మేము ఆ అక్కకు చెప్పిన ఐదు వందల మాట ఇప్పుడు చూడండి. ఐదు వందల చేపలు అరకిలో చొప్పున రెండు వందల యాభై కిలోలు. దానికి కనీసం పదిహేను క్వింటాళ్ళ పరకలు కావాలి. పది గుంటల్లో పదిహేను క్వింటాళ్ళు ఎక్కడ నుండి వస్తాయి?

నలభై చేపలేనా అని మీ ముఖాలు చిన్నబోవడం మాకు కనపడుతున్నది. నిజమే, దీనితో మేడలు కట్టలేము. ఇది దూడను పెంచి అమ్ముకున్నట్లు, పెరట్లో కోళ్ళు పెట్టుకున్నట్లు ఒక పక్క ఆదాయం. ఎక్కువ కావాలన్నవారు తవుడు, పల్లి చెక్క వేసి మేత చేపలను పెంచవచ్చు. కాని ఆ తవుడును బర్రెకు పెడితే పాలు రేపు పొద్దున వస్తాయి. పరకకు పెడితే అది కొర్రమీనుగా మారి ఎనిమిది నెలలకు వస్తుంది, అదీ సగం దారిలో కొంగలు ఎత్తుకుపోగా మిగిలినది. మా సలహా, తవుడు బర్రెకే పెట్టండి.

పెల్లెట్ మేత సంగతి కొందరు అడిగారు. చిన్ననాటి నుండే తేలే మేతకు అలవాటు చేసిన కొర్రమీను పిల్లలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆ పద్ధతిలో వందలు, వేలు పెంచవచ్చు. కాని అది మేత ఖర్చుతో, రోజువారీ కాపలాతో కూడిన వ్యాపారం. అప్పు తెచ్చి దిగేవారు ముందుగా అట్లాంటి కుంటను ఒక పంటకాలమంతా చూసి రావాలి. అడుగున ప్లాస్టిక్ షీటు వేసిన కుంటలు ఉన్నవారికి ఆ దారి తప్ప వేరే లేదు. మట్టి లేని చోట పెండ పారదు, పరక నిలవదు.

ఏ మేత చేప వేయాలి? మన చెరువుల్లో దొరికే పరకలు, పరిగెలు అన్నిటికంటే మేలు. వాన నీరు తగలగానే కుంటలోనే పిల్లలు పెడతాయి, పెద్దగా పెరగవు, ఎప్పుడూ నోట పట్టే సైజులోనే ఉంటాయి. చిన్న రొయ్యలు ఉంటే మరీ మంచిది. తోకకప్పలు వాటంతట అవే వస్తాయి. జెల్లలు వద్దు; వాటికి ముల్లు, పైగా అవి కూడా పరక పిల్లలను తింటాయి.

తిలాపియా సంగతి జాగ్రత్తగా చెప్పాలి. జిలేబీ చేప అని కొందరు పిలిచేది అదే. రెండు మూడు నెలల వయసుకే గుడ్లకు వస్తుంది, గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, ఆగకుండా పిల్లలు పెడుతుంది. మేత చేపకు ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. థాయిలాండులో తిలాపియా కుంటల్లో కొర్రమీను వేసి, ఆ పిల్లల బెడదను అదుపు చేసే ప్రయోగాలు కూడా జరిగాయి. అయితే ఈ చేప 1952లో మన దేశానికి వచ్చింది. 1959 నాటికే దీనిని ఇక వ్యాపింపజేయరాదని మన మత్స్య పరిశోధకులు ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చింది. చెరువులో పడితే రవ్వ, బొచ్చెల తిండి తినేస్తుంది. మీ కుంట మత్తడి నీరు పారి ఊరి చెరువులో కలిసేటట్లు ఉంటే తిలాపియా జోలికి పోవద్దు. ముందే కుంటలో ఉన్నదంటే, కొర్రమీనును వేసి దాని పిల్లలను తినిపించడం మంచి ఉపాయమే. మార్పు పిల్లలని చెప్పి ఆఫ్రికా జాతి మార్పును అమ్మేవారు వస్తారు. అది మన దేశంలో నిషిద్ధం. అది వేసిన కుంటలో పరకా ఉండదు, కొర్రమీనూ ఉండదు.

పరకలు ఎక్కడి నుండి తేవాలి అన్నది మరొక మాట. విత్తనంగా రెండు మూడు కిలోలు చాలు. అవి ఊరి చెరువులో పట్టుకునే హక్కు మత్స్య సహకార సంఘానిది. వారిని అడిగి, డబ్బిచ్చి కొనండి. మనమూ సహకార సంఘం వాళ్ళమే, వారూ సహకార సంఘం వాళ్ళే. మన పాలకేంద్రంలోకి బయటివాడు వచ్చి క్యాను ఎత్తుకుపోతే ఊరుకుంటామా?

అంతకంటే పెద్ద సంగతి ఉన్నది. కుంటలో మేత సరిపోకపోతే చెరువు పరకలను బుట్టలకొద్దీ కొని వేస్తామని కొందరు అంటున్నారు. కంబోడియా దేశంలో ఇదే జరిగింది. అక్కడ టోన్లే సాప్ అనే మహా సరస్సు ఉన్నది. దానిమీద బతికే జనం కొర్రమీను జాతి చేపలను పంజరాల్లో పెంచి, సరస్సులోని చిన్న చేపను మేతగా వేశారు. కిలో కొర్రమీనుకు నాలుగు కిలోలకు పైగా చిన్న చేప పట్టింది. పేదవారు కూర వండుకునే చేప ధనికుల చేపకు మేత అయిపోతున్నదని అక్కడి ప్రభుత్వం 2004లో ఆ పెంపకాన్నే నిషేధించింది. 2016లో గాని ఆ నిషేధం ఎత్తివేయలేదు. మన ఊళ్ళలో పరకలను ఎవరు తింటారో మీకు తెలుసు. ముల్లుతో సహా నమిలే ఆ చిన్న చేపే చాలా ఇళ్ళలో పిల్లలకు, బాలింతలకు ఎముక సత్తువ. మీ కుంటలో పుట్టినదే మీ కొర్రమీను తినాలి. కుంట సాకలేనన్ని వేయకపోతే బయట నుండి తేవలసిన అవసరమే రాదు.

పాడి రైతులకు మాత్రమే చెప్పవలసిన హెచ్చరిక ఒకటి. కుంట ఒడ్డున నత్తలు ఉంటాయి. బర్రెల కడుపులో కార్జపు జలగలు ఉంటే వాటి గుడ్లు పెండతో బయటకు వస్తాయి. ఆ పెండను కుంటలో వేస్తే గుడ్లు పగిలి నత్తలలో చేరి, అక్కడ నుండి ఒడ్డు గడ్డికి పడతాయి. ఆ గడ్డిని మళ్ళీ మీ బర్రే మేస్తుంది. చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి, పాలు తగ్గిన పశువులను మీరు చూసే ఉంటారు. అందుచేత పెండ వేసే కుంటలో పశువులను దింపవద్దు, ఆ నీరు తాగించవద్దు, ఆ ఒడ్డు గడ్డి కోసి వేయవద్దు. పశువైద్యుని అడిగి జలగల మందు తాగించండి. గోబర్ గ్యాసు ఉన్నవారు పచ్చి పెండకు బదులు దాని మడ్డినే వేయడం ఇంకా మేలు. చేప వల్ల వచ్చే పది రూపాయల కోసం పాలలో వంద పోగొట్టుకోవడం మనకు తగదు.

ఇక పని క్రమం. తొలకరికి ముందే ఎండిన కుంటలో పది గుంటలకు ఇరవై, పాతిక కిలోల సున్నం చల్లాలి. నీరు రాగానే పెండ మొదలుపెట్టాలి. నీరు పచ్చబారాక, జూలైలో, పరకలను వదలాలి. ఒక మూలన తుమ్మ కంపగాని, తాటి మట్టలుగాని నీటిలో పడేయండి. పరక పిల్లలు దాక్కోవడానికి చోటుంటే జాతి నిలుస్తుంది, రాత్రిపూట దొంగ వల వేసేవాడికి కూడా అది అడ్డం. కుంటంతా కంప నింపితే మాత్రం కొర్రమీను వేటాడలేదు. ఒక్క మూల చాలు. ఇట్లా యాభై, అరవై రోజులు గడవనివ్వాలి. ఈ రెండు నెలలు ఆగలేకనే చాలామంది నష్టపోతున్నారు. సెప్టెంబరులో మూడు నాలుగు అంగుళాల కొర్రమీను పిల్లలను, ఒక్క సైజువి, నలభై వేయాలి. వానకు అవి గట్టెక్కి పొలాల మీదుగా వెళ్ళిపోతాయి కనుక చుట్టూ రెండు మూడు అడుగుల ఎత్తున వల కట్టాలి.

తెల్లవారుజామున ఒకసారి కుంట దగ్గర నిలబడి చూడడం అలవాటు చేసుకోండి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చడం దాని సహజ గుణం, దానికి భయపడవద్దు. పరకలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే మాత్రం నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. ఆ వారం పెండ ఆపాలి, వీలుంటే కొత్తనీరు పెట్టాలి. మబ్బు పట్టిన రోజుల్లో పెండ వేయకూడదు. కొర్రమీను బాగానే ఉన్నది కదా అని ఊరుకుంటే మేతంతా ఒక్క రాత్రిలో పోతుంది.

నెలకొకసారి విసురు వల వేయండి. చీపురు పుల్లంత పరక పిల్లలు, వేలెడు పరకలు రెండూ పడితే కుంట బాగున్నట్లు. పిల్లలు అసలు పడకుండా పెద్ద పరకలు నాలుగైదు మాత్రమే పడితే కొర్రమీను ఎక్కువైనట్లు. పెద్దవాటిని కొన్ని పట్టి అమ్మేయాలి, నాలుగు రోజులు ఆగితే తూగుతుందిలే అనుకోవద్దు. వల నిండా పరకలే పడి, అన్నీ బక్కచిక్కి ఉంటే కొర్రమీను తక్కువ. కొన్ని పరకలను మీరే కూర వండుకోండి.

రవ్వ, బొచ్చెలు వేసుకున్నవారు కొర్రమీనును ఎట్లా చూడాలని అడిగారు. రవ్వ పిల్లలు వేలెడు ఉండగా కుంటలో పాత కొర్రమీను ఉంటే పిల్లలకు వేసిన డబ్బు పోయినట్లే. కుంటను ఎండగట్టామని ధీమా వద్దు. అది బురదలో దూరి బతుకుతుంది. ఎండగట్టలేని చోట మత్స్యశాఖవారు ఇప్ప చెక్క చెబుతారు. మూడడుగుల పైచిలుకు లోతు నీటికి పది గుంటలకు రెండున్నర క్వింటాళ్ళు. మూడు వారాలకు విషం విరిగి అదే ఎరువవుతుంది. అప్పటివరకు ఆ నీరు పశువుల దరి చేరనివ్వకండి. రవ్వలు జానెడు దాటిన తరువాత, వాటికంటే చిన్న కొర్రమీను పిల్లలను పది పదిహేను వేస్తే, పనికిరాని చిన్న చేపలను తిని రవ్వకు తిండి మిగులుస్తాయి. మాకు నిజానికి అన్నిటికంటే నచ్చినది ఈ పద్ధతే. కాని దీనికి రవ్వ బాగా పెరిగే లోతు, ఎండాకాలం దాకా నిలిచే నీరు కావాలి. మన కుంటలు చాలావరకు మార్చికే అడుగంటుతాయి.

అమ్మకం గురించి పెద్దగా చెప్పనక్కర లేదు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేపకు ఉండే గిరాకీ మీకు తెలిసినదే. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి కావలసినవి కూడా చిన్న కొర్రమీను పిల్లలే. కుంట మార్చిలో ఎండినా, నీడ ఉన్న చిన్న గుంతలోనో తొట్టిలోనో, దూకి పోకుండా పైన వల కప్పి, ఆ చేపలను కొంతకాలం బతికించుకోవచ్చు. పైకి వచ్చి గాలి పీల్చే చోటు మాత్రం మూయకండి. అయితే జూన్ దాకా ఆపితే ఆ మూడు నెలలూ మేత పెట్టాలి. ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇందాక మొదట చెప్పిన అక్క ఈ సమావేశానికి వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. ఆమె మా మాట మళ్ళీ వింటుందని మేము అనుకోలేదు. పోయిన వానకాలంలో ఆమె మమ్మల్ని అడగకుండానే పరకలను వదిలి, రెండు నెలలు ఆగి, ఆ తరువాత వచ్చి, "సార్, ఇప్పుడు జెప్పుండ్రి, ఎన్ని ఎయ్యాలె?" అన్నది. నలభై అన్నాము. ముప్పై ఐదు వేసింది. ఐదు ఎందుకు తగ్గించావమ్మా అంటే, "మీ లెక్కల అంత నమ్మకం లేదు" అన్నది. నిన్న సాయంత్రం ఆమె కుంట దగ్గర విసురు వల వేయించి చూశాము. చీపురు పుల్లంత పిల్లలు దోసెడు పడ్డాయి. కొర్రమీను ఒకటి పడింది, మూరకు నాలుగు వేళ్ళు తక్కువ, కడుపు గుండ్రంగా ఉన్నది. దానిని మళ్ళీ నీటిలో వదిలేశాము. మార్చిలో కుంట లాగే రోజున తూకానికి మేము వెళ్తున్నాము. ఎన్ని దొరికాయో, ఎంత తూగాయో, ఎంతకు అమ్మిందో ఆ అంకెలు ఎట్లా వచ్చినా ఉన్నవి ఉన్నట్లు ఆ తరువాతి సంచికలో అచ్చు వేస్తాము.